సాక నీళ్లు

కామాటిపుర,
ఆదివారం.

చెల్లె అనసూయకు,

అక్క దీవెనలు. ఫోన్‌లో చెప్పవలసిన సంగతే. కానీ ఈ ఒక్క గదిలో నేను మాట్లాడితే అందరూ వింటారు. అక్కడ నువ్వు ఏడిస్తే నేను వినాలి. అందుకని రాస్తున్నాను. కుడిచెయ్యి ఇంకా నా మాట వింటున్నది.

మొన్న శుక్రవారం అన్ని శుక్రవారాల్లాగే తెల్లారింది. నల్లా వచ్చింది. డ్రమ్ము నింపి, గదుల ముందున్న గ్యాలరీ కడిగి, గడపకు పసుపు రాశాను. తమ్ముడు రాజమల్లు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. మరదలు శాంతాబాయి చాయ్ వడబోస్తూ, "వదినా, పాలు ఇయ్యాల గూడ నీళ్ల తీరుగున్నయి. ఆ పాల భయ్యాకు నువ్వే చెప్పు, నేనంటే నవ్వుతడు" అంటున్నది. వాళ్ల బిడ్డ మేఘా దువ్వెన కోసం ఇల్లంతా వెతికి, చివరికి తన జుట్టులోనే దొరకబుచ్చుకుంది. నేను ఎల్లమ్మ పటం ముందు కర్పూరం వెలిగించి, కుడిచేత హారతి, ఎడమచేత గంట అందుకున్నాను.

హారతి అయిపోయింది. గంట ఆగలేదు.

నీకు చెప్పలేదు చెల్లె. ఉగాది తరువాత నుంచి నా ఎడమచెయ్యి అప్పుడప్పుడు దానంతటదే అదురుతున్నది. ఉల్లిగడ్డ కోస్తుంటే ఒకసారి, బస్సులో కమ్మీ పట్టుకుంటే ఒకసారి. ఆసుపత్రిలో తలకు ఫోటో తీశారు, ఏమీ లేదన్నారు. రక్తం చూశారు, ఏమీ లేదన్నారు. ఉన్నదేమిటో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఇక తలకు తీగలంటించి, అక్కడే పడుకోబెట్టి చూడాలట. సోమవారం చేరమన్నారు. ఈ చాల్‌లో, చుట్టూ ఉన్న గదులవాళ్లు ఎవరడిగినా తిమ్మిరి అని చెబుతూ వచ్చాను.

ఆ రోజు చేతితో ఆగలేదు. భుజం ఎగిరింది, మెడ ఒక పక్కకు గుంజింది. గంట చప్పుడుకు పక్కగది మల్లమ్మ పరుగెత్తుకొచ్చి, "శిగమొచ్చింది! నర్సక్క మీదికి అమ్మ వచ్చింది!" అని కేక పెట్టింది. గ్యాలరీ నిండిపోయింది. రోజూ నల్లా దగ్గర నాతో పోట్లాడేవాళ్లే చెప్పులు విడిచి, చేతులు జోడించారు.

"ఏం గావాలె తల్లీ? చెప్పు, ఏం గావాలె?"

నాకన్నీ వినబడుతున్నాయి. గొంతు ఎండిపోయింది. వంకరపోతున్న నోట్లోంచి ఒక్క మాటే బయటపడింది. "నీళ్లు."

"సాక అడుగుతున్నది! ఈయేడు అమ్మకు సాక పొయ్యలే, అందుకే కోపం" అన్నది మల్లమ్మ. చెంబు నీళ్లలో పసుపు కలిపి, వేపాకు వేసి, అమ్మకు పోసే సాకలాగే నా పాదాల మీద పోశారు. ఒకరి తరువాత ఒకరు. తాగమని ఒక్కరూ ఇవ్వలేదు.

అప్పుడు మల్లమ్మ కూతురు కవిత ముందుకొచ్చింది. ఇదివరకు రెండుసార్లు కడుపు పోయిన పిల్ల. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. "ఈసారన్న నిలుస్తదా తల్లీ?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే నా మెడ అటూ ఇటూ కొట్టుకుంది. కాదన్నట్టుగా. కవిత కొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్లిపోయింది.

ఒళ్లు నిలకడైనాక వాళ్ల గదికి వెళ్లాను. గోడకానుకుని కూర్చుని ఉంది.

"బిడ్డా, అది నా మెడ. అమ్మ చెప్పింది గాదు. నాకేదో రోగం. పేరింక దొరకలే."

"నా మనసు కోసం ఊకెనే అంటున్నవ్ పెద్దమ్మా. మరి నీకు అమ్మ ఏం చెప్పింది?"

"ఇన్నేండ్ల సంది దీపం పెడుతున్న. నాకేనాడూ ఏం చెప్పలే."

గంట ఆగనప్పుడు, ఒక్క క్షణం, నిజంగా అమ్మే వచ్చిందేమో అనుకున్నాను అనసూయా. ఆశపడ్డాను. నీకు తప్ప ఎవరికీ చెప్పను.

సాయంత్రం మల్లమ్మ మళ్లీ వచ్చింది. ఆసుపత్రి సంగతి శాంతాబాయి నోట విన్నదట. "అమ్మ దిగిన తలకాయకు కరెంటు తీగలు పెట్టిస్తవా, రాజమల్లూ? ఇల్లు నిలుస్తదా?" శాంతాబాయి భయపడి, వచ్చే శుక్రవారం దాకా చూద్దామన్నది. అప్పుడు మేఘా అన్నది. "పప్పా, అత్తనే పానీ మాంగా థా. పీనే కే లియే. కిసీనే నహీ దియా."

అత్త తాగడానికి నీళ్లడిగింది, ఎవ్వరూ ఇవ్వలేదంటున్నది. దానికి తెలుగు అంతంత మాత్రం. సాక అంటే ఏమిటో తెలియదు. నీళ్లంటే నీళ్లనే తెలుసు.

రాజమల్లు నా పాదాల వైపు చూశాడు. గోళ్లకు పసుపు ఇంకా పోలేదు. తరువాత నిర్ణయం చెప్పాడు. సోమవారం ఆసుపత్రికి తనే వెంట వస్తాడు. మళ్లీ ఒళ్లు అదిరితే పసుపు తేవద్దు, ఏమీ అడగవద్దు. ఆగినాక గ్లాసుతో నీళ్లివ్వాలి. ఎవరైనా తల్లీ అంటే, "తల్లి గాదు, మా అక్క" అని చెప్పాలి. ఇకమీద శుక్రవారం గంట మేఘా కొడుతుంది. హారతి మాత్రం నేనే ఇస్తాను.

కవిత గడప బయట నిలబడి అంతా వింది. లోపలికి రాలేదు. పోయేముందు, "నీళ్లు తాగినవా, పెద్దమ్మా?" అని అడిగింది.

తాగానని చెప్పాను.

నీ అక్క,
నర్సుబాయి