చీపురు కట్టకు కట్టిన తీగ

మావ్‌లింద్, ఫిబ్రవరి

ప్రియమైన ఫ్రాంగ్ మామకి,

పొద్దెక్కినా మంచు విడవడం లేదు. కోసిన చీపురు గడ్డి ఆరడం లేదు. అమ్మా నేనూ మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం కట్టలు కట్టి లోపల పెడుతున్నాం.

అసలు సంగతి వేరు. ఈస్టరుకి చుట్టుపక్కల ఊళ్ల చర్చిలన్నీ మా ఊళ్లో కలుస్తున్నాయి. వాయించేది మేమే! కానీ గిటారు వాయించే బాంతై ఏమన్నాడో తెలుసా? "నీ బేస్ గిటారు నేల కింద పంది గురక పెట్టినట్టుంది. ఈస్టరులోగా దాన్ని మోగించు. లేకపోతే షిల్లాంగ్ నుంచి వేరే మనిషిని తెస్తా" అన్నాడు. దానికున్నవి నువ్వు ఇచ్చినప్పటి తీగలే, నున్నవి. గరుకు తీగలైతే గంటలా మోగుతాయటగా? బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు. అమ్మకి తెలియనివ్వకు. చిన్న కూతుర్ని కాబట్టి మన ఆచారం ప్రకారం ఇల్లూ పొలమూ నావి, వాటిని వదిలి కదలకూడదన్నదీ నాకే. ఇంక గిటారెందుకంటుంది.

ఖుబ్లేయ్,
ఇబలారి


షిల్లాంగ్

ప్రియమైన పిల్లకి,

గరుకు తీగలు పంపుతున్నాను. ఒకటి విప్పు, దాని చోట ఒకటి ఎక్కించు. ఆ తర్వాతే రెండోది ముట్టుకో. నాలుగూ ఒకేసారి విప్పితే బిగువు పోయి గిటారు మెడ వెనక్కి వంగుతుంది. పాతవి చుట్ట చుట్టి దాచు. కడగకు. ఆ జిడ్డుతోనే వాటికా గొంతు వచ్చింది.

ఈస్టరుకి మా బ్యాండు వాళ్లు కూడా వస్తామంటున్నారు, మీ పాట వినాలని ఉందట. ఇక్కడ చలికి నా ఎడమచేతి వేలు మొండికేస్తోంది. అమ్మ మోకాలు ఎలా ఉంది? గడ్డి కొయ్యడానికి మనుషులు దొరుకుతున్నారా?

మీ మామ


మావ్‌లింద్

ప్రియమైన మామకి,

మోగింది! బాంతై గిటారు పక్కన పెట్టి నా చుట్టూ తిరిగాడు. "పంది లేచి నడుస్తోంది!" అని అరిచాడు.

తిట్టకు. తొందరలో నాలుగూ ఒకేసారి విప్పాను. ఇప్పుడు మొదటి మెట్ల దగ్గర నొక్కితే తీగలన్నీ గరగరమంటున్నాయి. పైగా కీర్తన ఎత్తుకోగానే చర్చిలో ముసలాళ్లు తడబడ్డారు. "పిల్లా, పాట కింద పీట లాగేశావు" అన్నాడు చర్చి పెద్దాయన. పరుగు పాటకి గరుకు తీగలు కావాలి, కీర్తనకి నున్నవి కావాలి. మధ్యలో ఆపి మార్చలేను కదా!

నిన్న గడ్డి తిరగేస్తుంటే తట్టింది. లావు తీగలు రెండూ నున్నవి, సన్నవి రెండూ గరుకువి పెడితే? ఒకే గిటారులో రెండు గొంతులు! బాంతై నవ్వాడు. నవ్వనీ.

ఎగురుతూ ఇంటికొచ్చి చూస్తే పాత తీగలు లేవు. అమ్మ గడ్డి కట్టలకి కట్టేసింది! "వెదురు బద్ద పుటుక్కుమంటోంది, ఇది తెగలేదు. మంచి తీగే" అంది. మూడు దొరికాయి. అన్నిటికన్నా లావుది అమ్మిన కట్టతో షిల్లాంగ్ పోయింది. అది లేకపోతే కీర్తనకి అడుగు లేదు. మామా, ఏం చెయ్యను?

ఖుబ్లేయ్,
ఇబలారి


షిల్లాంగ్

ప్రియమైన ఇబలారికి,

దొరికింది. మీ ఊరి గడ్డి కొనే ఆవిడ దుకాణం పెద్ద బజారులో నాకు తెలుసు. కట్టలు తిరగేస్తుంటే "చీపురు కొంటావా, వాటికి పెళ్లిచూపులు చూస్తున్నావా?" అంది. తీగ కనబడగానే కట్ట మొత్తం తీసుకున్నాను. మా బ్యాండులో అందరిళ్లకీ చీపుళ్లు చేరాయి. మీ అమ్మ వదులుగా కట్టింది, మడత పడలేదు.

బస్సులో పంపిన ఈ తీగ ఎక్కించాక మెడలో ఉన్న కడ్డీ మరని పావు చుట్టు వదులు చెయ్యి. ఒక రాత్రి ఆగు. అప్పటికీ గరగరమంటే ఇంకొంచెం. బలవంతం చెయ్యకు.

నువ్వు చెప్పినట్టే నా బేస్ గిటారుకి కూడా తీగలు మార్చి, మావాడొకడి చేత వాయింపించి విన్నాను. గదిలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఇన్నేళ్లలో నాకిది తట్టలేదు. ఎవరి ఆలోచన అని అడిగారు. చెప్పాను.

మీ మామ


మావ్‌లింద్, ఏప్రిల్

ప్రియమైన ఇబలారికి,

రాత్రి వాన పడింది. పొద్దున్నుంచి కాలవ గట్టు సర్దుతున్నాను. నీ మంచం నాకు పొట్టిగా ఉంది.

ఈస్టరు రోజు కీర్తన మొదలెట్టగానే పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. తర్వాతి పాటకి ఆయన కాళ్లే ముందు కదిలాయి. అది నువ్వు వేదిక మీద నుంచి చూసే ఉంటావు. వంటింట్లో జరిగింది నువ్వు చూడలేదు.

నా వేలు ఇక వంగదని ఫిబ్రవరిలోనే మా బ్యాండు వాళ్లకి చెప్పాను. నా చోటికి మనిషిని చూసుకోవడానికే వాళ్లు ఈస్టరుకి వచ్చారు. ఆ రోజు బ్యాండులోకి వస్తావా అని నిన్ను అడిగి, తర్వాత మా అక్కని, అదే మీ అమ్మని, అడగడానికి వంటింట్లోకి వచ్చారు. అక్క పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

"ఇల్లెవరు చూస్తారు?"

"నేను పుట్టిందీ ఇక్కడే. నేనుంటా" అన్నాను.

"గడ్డి కొయ్యడం వచ్చా?"

"నేర్పు."

"వేలు వంగనివాడివి."

"గడ్డికి చెయ్యి వంగితే చాలదా?"

అక్క పొయ్యిలోకి కట్టె తోసింది. తర్వాత, "ఇల్లు దానిదే. తిరిగొచ్చేదాకా నువ్వు కాపలా" అంది. నీకు అన్నం మూట కట్టింది. దానికి చుట్టిన తీగ చూశావా? నువ్వు విప్పేసిన లావు గరుకు తీగ. పారెయ్యకు, ఇక్కడ మళ్లీ పనికొస్తుందట.

వాళ్లు నీ తీగలు మార్చమంటే మార్చు, నీకు నచ్చకపోతే మళ్లీ మార్చు. ఒక్కొక్కటే.

గడ్డి కొనే ఆవిడ వచ్చి నువ్వెక్కడని అడిగింది. సోమవారం మొదటి బస్సుకి షిల్లాంగ్ వెళ్లిందని చెప్పాను.

మీ మామ