ఖమర్ ఆపా నామినేషన్

అల్ హిలాల్, దోహా

బాపూ,

మా ఆఫీసులో వరల్డ్ కప్ స్టేడియం డ్రాయింగులు చూసే అమెరికా సారుకు వాళ్ళ ఎన్నికల పోస్టల్ బ్యాలెట్ వచ్చింది. పోటీలో ఒకాయన మార్మన్. క్రీస్తును కొలిచేవాళ్ళలోనే అదొక వేరే శాఖ. టీ కూడా తాగరట.

"మనిషి మంచివాడే. కానీ మార్మన్‌కి ఓటెలా వేస్తాను?" అన్నాడు సారు. మీ ఊళ్ళో ఎలా అని నన్నడిగాడు. మతం చూడరని చెప్పాను.

మన వార్డుకు నిలబడుతున్న ఖమర్ ఆపా, నామినేషన్‌లో ప్రతిపాదకుడిగా సంతకం పెట్టమని నిన్ను అడిగితే, "ఆమె మంచిదే గని బిడ్డా, సాయబులకు నేనెట్ల పెడ్త?" అని ఫోన్లో నువ్వన్న మాట ఆయనకు చెప్పలేదు.

అబద్ధమాడితే సరిదిద్దుకోవాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. నామినేషన్లకు శుక్రవారం ఆఖరు. ఆలోగా నువ్వు సంతకం పెడితే, సారు దగ్గరికి మళ్ళీ వెళ్ళే పని నాకుండదు.

నీ బిడ్డ