పిల్లిమీసం పేరు మీద

జూన్ 4
అక్క కూతురు వచ్చి నా ఫోన్ బాగుచేసి వెళ్ళింది. బాగుచేయడమంటే ఏవేవో నొక్కి, ఇక వాడుకో పిన్నీ అనడమే. అందులో ఒక రచయిత్రి వీడియోలు కనిపించాయి. ఎండాకాలంలో కూడా ఉన్ని టోపీ! టీనేజ్ పిల్లల కోసం నవలలు రాస్తుందట. రాస్తున్న నవలని రాస్తున్నట్టే, కొట్టేసిన వాక్యాలతో సహా కెమెరా ముందు చదువుతుంది. నాకు నలభై నాలుగు. డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేస్తాను. నాకెందుకు ఇవన్నీ అనుకుంటూనే నాలుగు చూశాను. ఒక్కదానికే కదా అని వంట చేయలేదు. బ్రెడ్ తిన్నాను.

జూన్ 9
నవలలో పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు. లైబ్రరీ మెట్ల కింద దూరి లంచ్ తింటుంది. దానికోసం నేను వెక్కి వెక్కి ఏడవడమేమిటి, సిగ్గు లేకపోతే సరి. కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయని ల్యాబ్‌లో ఓనర్ అడిగాడు. పౌడర్ పడిందన్నాను. మాస్క్ పెట్టుకోమన్నాడు. ఇవాళ నాతో మాట్లాడిన మనిషి అతనొక్కడే.

జూన్ 10
వీడియో కింద కామెంట్ రాశాను. రాసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

జూన్ 17
రోజూ రాస్తున్నాను. కింద పిల్లలు నాకూ అంతే, నాకూ అంతే అంటారు. ఎంత మంచి పిల్లలో. ఇవాళ కొంచెం ఎక్కువే రాశాను. ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరని, తిన్నావా అని కూడా అడగరని, గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి సబ్బు కవర్ మీద రాసింది పైకి చదువుతానని. ఆ టోపీ రచయిత్రి దాన్ని లైవ్‌లో చదివింది. పిల్లిమీసం, నువ్వు రేపు కూడా తప్పకుండా రా అంది. నాకు పెట్టిన ముద్దుపేరు కాబోలు. బాగుంది.

జూన్ 19
కొంప మునిగింది.

పిల్లిమీసం అంటే అక్క కూతురు. ఫోన్ బాగుచేసినప్పుడు తన అకౌంట్ అందులోనే వదిలేసి వెళ్ళింది. నేను రాసిందంతా అది రాసినట్టు పడింది. దాని క్లాసులో సగం మంది టోపీ అభిమానులట. వాళ్ళు వెళ్ళి టీచర్‌కి చెప్పారు. టీచర్ అక్కకి ఫోన్ చేసి, కన్నబిడ్డని తిన్నావా అని కూడా అడగరా అని నిలదీసిందట. అక్క దాన్ని పట్టుకుని ఏడిస్తే, నేను కాదమ్మా, పిన్ని అయ్యుంటుంది అందట.

అక్క నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంత ఒంటరిగా ఉన్నావని మాకు చెప్పొచ్చు కదే" అంది.

ఎప్పుడు చెప్పను? ఎప్పుడు ఫోన్ చేసినా, ఎవరో వచ్చారు ఉండవే అంటుంది. ఉంటాను. ఉండి ఉండి నేనే పెట్టేస్తాను.

జూన్ 20
అక్క కూతురు పాస్‌వర్డ్ మార్చేసింది. దాని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. సారీ అని మెసేజ్ పెట్టాను. చూసింది. అంతే.

జూన్ 24
క్లాసులో దాన్ని ఇంకా ఏడిపిస్తున్నారట. ఏడుపుగొట్టు పిల్లి అని పేరు పెట్టారట. స్కూలుకి వెళ్ళనంటోందని అక్క చెప్పింది. నా నోటికి తాళం పడ. నోరు కూడా కాదు, వేళ్ళు.

జూన్ 28
సొంత అకౌంట్ తెరిచాను. పేరేమిటని ఫోన్ అడిగింది. ఏమీ తోచక పిన్ని అని కొట్టాను. లైవ్‌లో అందరి ముందూ రాశాను: "ఆ మాటలు పిల్లిమీసానివి కాదు. దానికి ఇంట్లో అందరూ ఉన్నారు. ఎవరూ లేనిది నాకు. నాకు నలభై నాలుగేళ్ళు. దాన్ని వదిలేయండి."

టోపీ మొత్తం పైకి చదివింది. పరువు గంగపాలు, ఇక పడీ పడీ నవ్వుతారనుకున్నాను. పిన్నీ తిన్నారా అని ఎవరో పిల్లాడు రాశాడు. తర్వాత ఇంకో పిల్ల. ఆ తర్వాత వరసపెట్టి అందరూ. ఎక్కడెక్కడి పిల్లలో. తిన్నానని అబద్ధం రాశాను.

పిల్లిమీసం మాత్రం రాలేదు.

జూలై 5
లైవ్ మొదలవగానే పిన్నీ, పిన్నీ అని మళ్ళీ పిల్లల గోల. ఆ గోల మధ్యలో పిల్లిమీసం రాసింది.

"ఆవిడ నాకు పిన్ని. మీకెవరికీ కాదు."

టోపీ ఇవాళ ఏం చదివిందో నాకు ఒక్క ముక్క తెలియదు.