పద్మ చూసి రాయలేదు

చిరంజీవి తమ్ముడు సూరిబాబుకి, రాజమండ్రి నుంచి అక్క దీవించి రాయిస్తున్నది. ఇక్కడ నేను, నీ కూతురు పద్మ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మరదలు, పిన్ని ఎలా ఉన్నారు? పిన్నికి దగ్గు తగ్గిందా?

నేను బాగానే ఉన్నాననే అనుకో. పిల్ల ఇంటర్ చదువుకి వండిపెట్టడానికి వచ్చి ఎనిమిది నెలలైనా ఈ మేడ మెట్లు నా మోకాళ్ళకి అలవాటు కాలేదు. నీళ్ళు కింద నుంచి మోసుకోవాలి. వీధిలో పలకరించే మనిషి లేదు. ఇక్కడి పప్పు ఎంతసేపటికీ ఉడకదు, ఎవరైనా వస్తుంటే మన కందిపప్పు పంపు. అయినా బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు.

మొన్న ఇంటివాళ్ళ ఫోన్‌కి చేసి, పిల్ల పరీక్షలో చూసి రాసిందట, పరువు పోయింది, చదువు చాలు, శనివారం తుని బండికి ఇద్దరూ వచ్చేయండని చెప్పి ఫోన్ పెట్టేశావు. నన్నొక్క మాట చెప్పనిచ్చావా? ఇప్పుడు విను.

సాయంత్రాలు పద్మ, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు మా వరండాలో కూర్చుని ఫిజిక్స్ లెక్కలు చేస్తారు. తలా ఒకటి పంచుకుని, ఎవరి లెక్క వాళ్ళు మిగతావాళ్ళకి చెప్పాలి. తోయడం, లాగడం, రాపిడి, ఎప్పుడూ అవే. కూర తరుగుతూ వింటుంటాను. నేలమీది పెట్టెను కొంచెం తోస్తే కదల్లేదు, రాపిడి ఎంత అని ఒక లెక్క. అది సునీత అనే పిల్ల వంతు. పెట్టె కదలబోయే ముందు ఉండే పూర్తి రాపిడి లెక్కకట్టి అదే జవాబని చెప్పింది. మిగతా ముగ్గురూ అదే నేర్చుకున్నారు. పరీక్షలో అలాంటిదే వస్తే నలుగురూ ఒకే తప్పు రాశారు. లెక్చరర్‌గారు కాపీ అన్నారు.

ఆ సాయంత్రం పిల్ల అన్నం ముట్టలేదు. పద్మ మూలనున్న బియ్యం బస్తాని వేలితో తోస్తూ చాలాసేపు కూర్చుంది.

మర్నాడు నేనే కాలేజీకి వెళ్ళాను. ఆయన కూర్చోమని కూడా అనలేదు. పరీక్షలో నలుగురూ పక్కపక్కన కూర్చున్నారా అని అడిగాను. ఇద్దరు ఒక గదిలో, ఇద్దరు ఇంకో గదిలో అన్నారు.

"మరి గోడలోంచి చూసి రాశారేంటండి?" అన్నాను.

ఆయన నలుగురి పేపర్లూ తీసి పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత పద్మని పిలిచి అదే లెక్క బోర్డు మీద చెయ్యమన్నారు.

"కదలనప్పుడు మనం ఎంత తోస్తే రాపిడి అంతేనండి. అంతకన్నా ఎక్కువుంటే బస్తా మన మీదికి రావాలి కదండి" అంది పద్మ.

కాపీ మాట కొట్టేశారు. ఆ లెక్కకి మార్కులు మాత్రం ఇవ్వనన్నారు. అది న్యాయమే, నేను కాదనలేదు.

ఈ ఉత్తరం రాస్తున్నది సునీతే. తప్పు తనదని కూడా రాస్తానంది, రాయమన్నాను.

శనివారం బండికి మేం రాం. నీ ఫోన్ సంగతి పద్మకి చెప్పలేదు, సునీతచేత కూడా ఒట్టు వేయించాను. పిల్ల ఇప్పుడే మళ్ళీ పుస్తకం పట్టుకుంది. చదువు మానిపిస్తానంటే నువ్వే వచ్చి, దాని మొహం చూసి చెప్పు. నేను అలిసిపోయానురా తమ్ముడూ. నీళ్ళు మోస్తాను, ఆ మాట మాత్రం మోయలేను.

పిన్నికి నా దండాలు, పద్మని దీవించమను. మరదలికి నా ఆశీస్సులు.

ఇట్లు,
వేలిముద్ర వేసిన నీ అక్క
వీరమ్మ