కమల సర్దిన సంచి

1983 జూలై 12, మంగళవారం

పెళ్లికైతే పట్టుచీరలు అడుగున పెడుతుంది కమల, భద్రాచలానికైతే తువ్వాళ్లు పైన. పొద్దున మా చెల్లెలికి నొప్పులు రాగానే క్షణాల్లో సంచి సర్దేసింది. పైన మెత్తటి పాత చీర పెట్టింది.

"అది పైనెందుకే?" అన్నాను.

"దవాఖానా దాంక బిడ్డ ఆగుతదా ఏంది?" అంది.

ఆగలేదు. వాగు పొంగి మా బస్సు ఇల్లందుకు ఇవతలే నిలిచిపోయింది. బస్సులోనే ఆడపిల్ల పుట్టింది. కమల ఆ చీరలోకే అందుకుంది. తల్లీబిడ్డా క్షేమం. ఎంత నిబ్బరం నా భార్యది!

తర్వాత సంచి అడుగు నుంచి చేత్తో కుట్టిన బుల్లి చొక్కా తీసి పాపకు తొడిగింది. మాకింకా పిల్లలు లేరు. అది ఎప్పుడు కుట్టిందో, ఎవరికోసం దాచిందో అడగలేకపోయాను.

"సరిగ్గ సరిపోయింది సూడుండ్రి," అంది నవ్వుతూ.