గరుకు శాల్తీ

అత్తగారికి,

అల్లుడు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టాలి గాని, మన చిన్నారి గువ్వకి ఒంట్లో బాగాలేదు. వార్డులో డ్యూటీ చేస్తుండగా మీరు ఫోన్ ముట్టుకోరు. ఇంటికి చేరాక చేద్దామంటే, మీ గొంతు వినగానే నాకు నోట మాట రాదు. గోడలకి రంగులు వేసుకునేవాణ్ణి, ఎదురు మాట్లాడేవాళ్లతో నాకు అలవాటు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

పిల్లకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, బుగ్గల మీద ఎర్రగా పొక్కి పొట్టు లేస్తోంది. నిద్రలో కూడా గోక్కుంటోంది. డాక్టరుగారు చూసి డెర్మటైటిస్ అన్నారు. భయపడొద్దు, ఈ చర్మం తత్వమే అంత, జాగ్రత్తగా స్నానం చేయించి మంచి మాయిశ్చరైజర్ రాయండి అన్నారు. మీ అమ్మాయి మళ్లీ డ్యూటీలో చేరింది. సాయంత్రం బస్సు తనే నడుపుతోంది కాబట్టి స్నానం పని నాది.

దుకాణానికి వెళ్లాను. నేల నుంచి కప్పు దాకా సీసాలే! ఇన్నేళ్లుగా రంగుల కొట్టుకి తిరుగుతున్నాను గాని, తెలుపులో ఇన్ని తెలుపులున్నాయని నాకు తెలియదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. చివరికి మూతలు తీసి వాసన చూసి, గులాబీల వాసన గుప్పుమన్న సీసా తెచ్చాను.

ఇక నా పద్ధతిలో దిగాను. పాత పొట్టు గీకందే కొత్త కోటు పట్టదు కదా. పొగలు కక్కే నీళ్లు, బోలెడు నురగ, గట్టి తువ్వాలుతో రుద్దుడు. తర్వాత ఫ్యాను కింద చెమ్మ లేకుండా ఆరబెట్టి, పల్చగా ఒక కోటు. పిల్ల పండు మిరపకాయలా అయింది.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

వినయంతో,
మీ అల్లుడు

తా.క. సీసా మీద ‘పట్టులాంటి మెరుపు’ అని రాసి ఉంది. అబద్ధం కాదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ మెరిసింది.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం నర్సుల గదిలో నిలబడి చదవడం మొదలుపెట్టి, సగంలో కూర్చున్నాను. ఎక్కడ తప్పు చేశానని అడిగారు. తప్పు కానిది చెప్పడం తేలిక. నాకు రాయడం ఒక్కటే మీరు సరిగ్గా చేశారు.

గోరువెచ్చని నీళ్లు పెట్టండి. మీ మోచెయ్యి ముంచితే వేడీ తెలియకూడదు, చలీ తెలియకూడదు. అయిదు నిమిషాలు, మహా అయితే పది. వాసన లేని మెత్తటి సబ్బు, అదీ మురికైన చోటే. రుద్దకండి. తువ్వాలుతో తుడవకండి, అద్దండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాలు దాటకుండా రాసెయ్యండి. లోషన్‌లో నీళ్లెక్కువ. డబ్బాలో వచ్చే చిక్కటి క్రీము గాని, ఆయింట్‌మెంట్ గాని కొనండి. గులాబీ గిలాబీ వద్దు, ఆ సీసా మీ మడమలకి రాసుకోండి. రోజుకి రెండుసార్లకి తక్కువ కాకుండా, పిసినారితనం లేకుండా రాయండి. ఎర్రటి చోట్లకి డాక్టరుగారు వేరే మందు ఇచ్చి ఉంటే అది మానకండి.

తడి మీద కోటు ఏమిటని మీరు నొసలు చిట్లిస్తారని తెలుసు. నా ఉద్యోగమంతా ఈ చర్మం వార్డులోనే గడిచింది, అయినా చర్మమంటే నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. కాగితమంత మందం లేని ఆ పై పొరలో ఒక ఇటుకల గోడ ఉంది. ఒక్కో కణం ఒక ఇటుక. వాటి మధ్య కొవ్వే సిమెంటు. మన గువ్వకి పుట్టుకతోనే ఆ సిమెంటు తక్కువ. అందుకే లోపలి నీరు బయటికి పోతుంది, బయటి చికాకు లోపలికి వస్తుంది. మీరు రాసేది రంగు కాదు, సిమెంటు. ఇటుకలు తడపకుండా సిమెంటు పెట్టే మేస్త్రీని ఎక్కడైనా చూశారా?

మీ అత్తగారు

తా.క. అసలు సంగతి మరిచాను. పోయినసారి వచ్చినప్పుడు చూశాను. పిల్ల పక్కన, మంచం మీద గోడవైపు పడి ఉంటుందే, ఆ గరుకు శాల్తీ, దాన్ని ముందు అక్కణ్ణుంచి లేపెయ్యండి. ఎంత కడిగినా దాని గరుకు పోదు. అది తగిలిన చోటల్లా పిల్లకి ఎర్రబడుతుంది.

*

అత్తగారికి నమస్కారాలు.

తడి గోడ మీద బ్రష్షు పెడితే చిన్నప్పుడు మా మేస్త్రీ చెవి మెలేసేవాడు. ఆ చెవి ఇప్పుడు కూడా మండింది. అయినా మీ మీద భారం వేసి, పిల్లని నీళ్లలోంచి తీసి, అద్ది, తడిపొడిగా ఉండగానే రాశాను. ఆ మూడు నిమిషాలూ పిల్ల పిల్ల కాదు, చేప. నేను ఒక కాలు పూర్తిచేసేలోగా తను నా మీసానికి రెండు కోట్లు వేసింది.

కాని అత్తగారూ, ఏం చెప్పను! మోకాలి వెనక ఒక పగులు ఉండేది, సన్నగా, వెంట్రుకలా. నేను దాంట్లో లప్పం కూరలేదు, సాండ్ పేపర్ పట్టలేదు. పైన క్రీము రాసి చూస్తూ ఊరుకున్నాను. రోజురోజుకీ అదే దగ్గరపడి, అదే మూసుకుపోయింది. నా బతుకంతా గోడల మధ్యే గడిచింది. తన పగులు తనే పూడ్చుకునే గోడని నేనెక్కడా చూడలేదు. మీ అమ్మాయి డ్యూటీ దిగి రాగానే పిలిచి చూపించాను. ఇద్దరం ఆ బుల్లి మోకాలిని చూస్తూ కూర్చున్నాం. యూనిఫాం మార్చుకోవడం కూడా మరిచిపోయింది.

ఇక మీరు తా.క.లో రాసిన శాల్తీ సంగతి. మొహం మీద అనలేక, మర్యాదగా మూడో మనిషి గురించి రాసినట్టు రాశారు. నాకు అర్థమైంది. ఆ శాల్తీని ఆ రోజే హాల్లోకి మార్చాను. నిజం ఒప్పుకోవాలి కదా, మర్నాటినుంచే పిల్ల గోక్కోకుండా పడుకుంటోంది. మీ కంటికి దణ్ణం పెట్టాలి.

మీ అల్లుడు

తా.క. శాల్తీకి హాల్లో కాస్త చలి వేస్తోంది. అయినా పిల్లకంటే ఎక్కువా?

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

‘తన పగులు తనే పూడ్చుకునే గోడ’ అని రాశారు. అక్కడ ఆగిపోయాను. ఎన్ని వేల వీపులు చూసి ఉంటాను, ఎన్ని పుండ్లు మానడం చూసి ఉంటాను! ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. ఆ పూట వార్డులో తిరుగుతుంటే నా పేషంట్లందరూ కొత్తగా కనిపించారు.

తగ్గింది కదా అని మాయిశ్చరైజర్ మానకండి. ఈ చర్మం శాంతించినట్టే ఉండి మళ్లీ అలుగుతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. మెత్తటి నూలు బట్టలే వెయ్యండి. కొత్తవైతే ఒకసారి ఉతికి వెయ్యండి.

ఆ శాల్తీని హాల్లో ఎందుకు ఉంచారు? దాని దుమ్ము అక్కణ్ణుంచి కూడా గదిలోకి వస్తుంది. ఎత్తి అటక మీద పడెయ్యండి. లేదా ఎవరైనా తీసుకుంటామంటే ఇచ్చేసి చేతులు దులుపుకోండి. మీకు మొహమాటంగా ఉంటుందని తెలుసు, కాని ఉన్నమాట చెప్పుకుందాం. అమ్మాయి దాన్ని ఇంటికి తెచ్చుకున్న రోజే నేను వద్దన్నాను. “ముతకగా ఉంది, రంగూ బాగాలేదు, ఏం చూసి మోజుపడ్డావే?” అన్నాను. “చూడగానే నచ్చిందమ్మా, పైగా చవగ్గా వచ్చింది” అంది. ఇన్నేళ్లయినా వదలదు! అమ్మాయికి నేను నచ్చజెబుతాను లెండి. దాని బదులు మంచి మెత్తటిది నేనే చూసి పంపిస్తాను.

మీ అత్తగారు

తా.క. శాల్తీకి చలి వేస్తోందన్న ముక్కకి నర్సులం అందరం నవ్వుకున్నాం. మీకు హాస్యం వచ్చని ఇన్నాళ్లూ తెలియదు.

*

అత్తగారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చించడం, మళ్లీ మొదలుపెట్టడం అయింది.

నేను ముతకవాణ్ణన్నది నిజం. నా రంగు సంగతి అద్దం చెబుతూనే ఉంది. చవగ్గా వచ్చానని మాత్రం మీ అమ్మాయి నాతో ఎప్పుడూ అనలేదు. అటక కూడా చూశాను. కాళ్లు ముడుచుకున్నా నేను పట్టను. ఊరి చివర కొత్త భవనానికి రంగులు వేసే పని వచ్చింది, కూలీలకి అక్కడే గది ఇస్తారు. ఈ వారంలోనే సంచి సర్దుకుని అక్కడికి మారిపోతాను.

మీతో వాదించను. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే రుజువు నా కళ్లతోనే చూశాను. నేను హాల్లో నేలమీద, మంచం మీది ఆ గళ్ల ఉన్ని కంబళి కప్పుకుని పడుకుంటున్నాను. పిల్ల దగ్గరికి వచ్చేది స్నానానికే. అప్పుడూ రబ్బరు గ్లవ్స్ తొడుక్కునే ముడుతున్నాను. మిగతా ఒళ్లంతా వెన్నలా అయింది గాని, పక్కటెముకల మీద నేను పట్టుకునే చోట ఎర్రగా వేళ్ల అచ్చులు పడుతున్నాయి. గ్లవ్స్‌లోంచి కూడా నా గరుకు దిగుతోందంటే మీ మాట ఎంత నిజమో కదా.

ఒక్కటే కోరిక. మీరు పంపే మెత్తటాయనకి ఈ కింది ముక్కలు చదివి వినిపించండి.

అయ్యా, నీళ్లలోకి దించేముందు పిల్లని “నీళ్లెలా ఉన్నాయమ్మా?” అని అడగండి. జవాబు రాదు గాని, అడక్కపోతే అలుగుతుంది. తల వెనక మీ చెయ్యి ఉందని తనకి తెలిసేలా ఉంచండి, అప్పుడు కాళ్లు వదులు చేస్తుంది. డబ్బాలోకి వేళ్లు పెట్టకండి, క్రీము శుభ్రమైన చెంచాతో తియ్యండి. అరచేతుల మధ్య కాసేపు ఉంచి వెచ్చబడనివ్వండి. రుద్దకుండా, నూగు వాలిన వైపుకే, పైనుంచి కిందికి రాయండి. మెడ కింద ఒక మడత ఉంది, గడ్డం ఎత్తితే గాని కనబడదు, అది మరిచిపోకండి. గడ్డం ఎత్తాలంటే పైకప్పు వైపు చూసి కాకిలా అరవాలి. మీకు సిగ్గనిపిస్తుంది, అయినా అరవండి.

అంతా అయ్యాక వెంటనే బట్టలు వెయ్యకండి. ఒక్క క్షణం చూడండి. ఆ మెరుపు మెల్లగా లోపలికి ఇంకిపోతుంది. దాహం తీరినట్టు ఒళ్లంతా కుదుటపడుతుంది. అప్పుడు మీ వైపు చూసి నవ్వుతుంది. ఎన్ని ఇళ్లకి ఎన్ని రంగులు వేశానో లెక్కలేదు, పనైపోయాక నా వైపు చూసి నవ్విన గోడ ఒక్కటీ లేదు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మీకూ అలాగే అవుతుంది, కంగారుపడకండి.

సెలవు,
మీ అల్లుడు

తా.క. మెత్తటాయన ఏం పని చేస్తారు? నిచ్చెన ఎక్కే పనైతే గ్లవ్స్ ఇక్కడే వదిలేసి వెళతాను.

*

ఒరే నాయనా,

కవరు మీద స్టాంపు లేదేమిటని చూడకు. ఈ ఉత్తరం పోస్టులో రాలేదు. మీ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు పనికి వెళ్లాక దిగాను. నీ ఉత్తరం అందగానే సెలవు చీటీ కూడా సరిగ్గా రాయకుండా బస్సెక్కాను. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెబితే నీకు నోరు పెగలదు, నాకేమో నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. అందుకే రాసి నీ సంచి మీద పెడుతున్నాను.

కంబళిరా నాయనా, కంబళి! నేను లేపెయ్యమన్నది ఆ గళ్ల ఉన్ని కంబళిని. నిన్ను కాదు. ఉన్ని ఈ చర్మానికి సరిపడదు. నువ్వు హాల్లోకి పోతూ దాన్నీ పట్టుకుపోయావు. పిల్లకి నిద్రపట్టింది అందుకు. నీ ఉత్తరంలో ఆ కంబళి మాట చదివాక గాని నా బుర్రకి ఎక్కలేదు. వెంటనే నా ఉత్తరాల్లో ఏం రాశానో ఒక్కొక్క ముక్కే గుర్తొచ్చింది. ముతక, రంగు బాగాలేదు, చవగ్గా వచ్చింది, అటక! తలెత్తుకోలేకపోయాను. నిన్ను అమ్మాయి చూపించిన రోజు నేనన్నది ఒక్కటే. “అబ్బాయి మాట్లాడడేమే?” అన్నాను. ఇంత మాట్లాడగలవని నాకేం తెలుసు!

ఆ వేళ్ల అచ్చులు నీ చేతుల వల్ల కాదు, గ్లవ్స్ వల్ల. రబ్బరూ, లోపలి పొడీ పిల్లకి పడలేదు. తీసి చెత్తబుట్టలో వేశాను.

ఇంకో సంగతి విను. వచ్చాక పొద్దున్నే స్నానం నేనే చేయించాను. నీళ్ల వేడి సరిగ్గా చూశాను, అద్దాను, ఆరకముందే రాశాను. వార్డులో నన్ను చూసి నేర్చుకునేవాళ్లున్నారు. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. గుమ్మం వైపే చూస్తూ ఏడ్చింది. చివరికి నువ్వు రాసినట్టు పైకప్పు వైపు తిరిగి కాకిలా అరిచాను, ఈ వయసులో. నన్నొక చూపు చూసి మళ్లీ ఏడుపందుకుంది. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. రోజంతా కడిగి కడిగి నీకంటే గరుగ్గా ఉన్నాయి. మెత్తటివాళ్లెవరినీ నేను పంపలేను నాయనా. ఈ ఇంట్లో మెత్తగా ఉన్నది పిల్ల ఒక్కతే. అలా చేసింది నువ్వు.

సంచి విప్పెయ్. నువ్వు వచ్చే వేళకి నీళ్లు గోరువెచ్చగా పెట్టి ఉంచుతాను. చేతులు కడుక్కుని, ఉత్త చేతులతో లోపలికి రా. ఆ నవ్వు నేను కూడా చూడాలి.

నీ అత్త

తా.క. నువ్వు హాల్లో పడుకుంటున్నది తన గురకకి భయపడేనని మీ ఆవిడ అనుకుందట. సిగ్గుతో అడగలేక, ఇన్నాళ్లూ నోరు బిగించుకుని ఒక పక్కకే తిరిగి పడుకుని, గురక మొత్తానికే మానేసింది. కంబళి మాట తనకి అప్పుడే చెప్పకు.