గోడ మీది రాత

చెల్లె ఆండాలుకు,

ఫోన్‌లో అడిగితే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. నవ్వినా సరే, చివరిదాకా చదువు.

నీకు మూడోవాడు సైదులు పుట్టినప్పుడు చూడటానికి వచ్చి, బాలింతవని కూడా చూడకుండా గంటసేపు పాఠం చెప్పాను. జనం ఇట్లా పెరిగితే రెండు వేల సంవత్సరానికి మనిషికి పిడికెడు బియ్యం కూడా దొరకవన్నాను.

"నా కొడుకు బుక్కెడు తింటే దేశంల బియ్యం ఖతమైతయా అన్నా?" అన్నావు.

ఆ కోపంతోనే తెల్లారి మా బడి గోడ మీద ఎర్ర రంగుతో ‘ఇద్దరు చాలు’ అని నిలువెత్తు అక్షరాలు రాశాను.

మొన్న మిర్యాలగూడలో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి మా బస్సు గంటన్నర కదల్లేదు. లోపల వడ్లు పోసుకోవడానికి జాగా లేదట. అంతసేపూ నీ బుక్కెడు మాటే గుర్తొచ్చింది. బోర్లలో నీళ్లు అడుగంటుతున్న సంగతిలో మాత్రం నా భయం నాదే.

అసలు విషయం ఇది. నేను రిటైరైన బడిలో పిల్లలు తగ్గిపోయారు. ఇంకో ఇద్దరన్నా చేరకపోతే రెండో టీచరును వేరే ఊరికి పంపుతారట. ఇల్లిల్లూ తిరిగాను. ఏ ఇంట్లో చూసినా ఒక్కరే, ఆ ఒక్కరూ వ్యాన్ ఎక్కి హుజూర్‌నగర్ ప్రైవేటు బడికి పోతున్నారు. నా పాఠం జనానికి బాగానే ఎక్కింది.

సైదులు కవలలకు ఐదేళ్లు నిండాయి కదా. మీది పక్క ఊరే. వాళ్లను మా బడిలో వేయమని నువ్వే చెప్పాలి. నేను చెబితే వాడు పుట్టిన నాటి ముచ్చట ఎత్తుతాడు.

గోడకు సున్నం వేయిద్దామని హెడ్‌మాస్టరు అంటే నేనే ఆపాను. రెండో టీచరు నిలవాలంటే ఆ రాత ఇప్పటికీ కరెక్టే. ఇద్దరు చాలు.

నీ అన్న